ఎనిమిది పైసల్లో వాళ్ల వాటా

గ్రంథాలయాలు అందరివీ అని మనం చాలా సులువుగా అనేస్తాం. ఆ 'అందరూ' ఎవరో లెక్క చూసుకోవాల్సిన అవసరం మనకు పెద్దగా రాలేదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు కొన్నేళ్లుగా ఉంటూ, అక్కడి మనుషుల్ని చూస్తూ ఉంటే ఆ లెక్క ఇప్పుడైనా చూసుకోవాలని నాకనిపిస్తోంది.

ఈ ప్రాంతం తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. హైదరాబాదుకు ఉత్తరాన, నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ ఉంటుంది. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉంటుంది. 2016 అక్టోబర్ 11 దాకా రెండూ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి, ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీలు, గోదాములు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ల్యాబులు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ క్యాంపస్. వీటి మధ్య ఇంకా మిగిలి ఉన్న పొలాలు, కోళ్ల ఫారాలు, ఇటుక బట్టీలు, రోజుకొకటి లేస్తున్న అపార్ట్‌మెంట్లు. ఈ పనులన్నిటిలో ఉన్నవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. బీహార్ నుంచి వచ్చిన హమాలీలు, బెంగాల్ నుంచి వచ్చిన మేస్త్రీలు, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కుటుంబాలతో వచ్చిన కూలీలు, ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి బట్టీలకు వచ్చినవాళ్లు.

బట్టీ పని సంగతి వేరుగా చెప్పాలి. పశ్చిమ ఒడిశాలో కొత్త బియ్యం పండుగ నువాఖాయి అయిపోయాక సర్దార్లు ఊళ్లలోకి వచ్చి అడ్వాన్సులు ఇస్తారు. అడ్వాన్సు మనిషికి కాదు, 'పథురియా'కు ఇస్తారు. పథురియా అంటే ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, మట్టి ముద్దలు అందించి పచ్చి ఇటుకలు తిరగేయడానికి ఒక పిల్లో పిల్లాడో. స్త్రీ శ్రమ, పిల్లల శ్రమ లేకుండా ఆ లెక్క పూర్తికాదు. కానీ అడ్వాన్సు మాట్లాడేది మగవాళ్లతోనే, తీసుకునేదీ వాళ్లే. నవంబరు, డిసెంబరు నుంచి జూన్‌లో వానలు పడేదాకా కుటుంబం మొత్తం ఇక్కడే. ఇలా వచ్చేవాళ్లలో దళితులు, ఆదివాసీలే ఎక్కువ. మగవాళ్లు సర్దారుతో, లారీ డ్రైవర్లతో మాట్లాడి కొంత హిందీ, కొంత తెలుగు పట్టుకుంటారు. ఆడవాళ్లకు ఆ అవకాశం కూడా ఉండదు. ఏడెనిమిది నెలలపాటు వాళ్ల లోకం గుడిసె, మట్టిగుంట, నీళ్ల ట్యాంకు. ఆస్పత్రికి వెళ్తే నొప్పి ఎక్కడో చెయ్యి పెట్టి చూపించడమే తప్ప ఎప్పట్నుంచి, ఎలా అని చెప్పుకోలేరు. భాష రాకపోవడమంటే స్త్రీకి తన శరీరం గురించి తానే చెప్పుకోలేకపోవడం కూడా.

ఈ ప్రాంతంలోని ఒక శాఖా గ్రంథాలయానికి నేను అప్పుడప్పుడు వెళ్తుంటాను. దాని పేరు చెప్పను, దాదాపు అన్ని శాఖల పరిస్థితీ అదే. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తారు. ముందు గదిలో దినపత్రికలు, వాటి చుట్టూ రిటైరైన మగవాళ్లు. లోపలి గదిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు. 2022లో గ్రూప్స్ నోటిఫికేషన్లు రావడం మొదలయ్యాక రాష్ట్రంలో చాలా గ్రంథాలయాలు ఈ పిల్లలతో నిండిపోయాయి. వాళ్ల కోసం గైడ్లు కొన్నారు, కుర్చీలు వేశారు, కొన్నిచోట్ల వేళలు పొడిగించారు. ఆ పిల్లల్లో ఆడపిల్లలు చాలామందే ఉండడం నాకు సంతోషం కలిగించే విషయం. ఇంట్లో దొరకని బల్ల, వెలుతురు, పని చెప్పేవాళ్లు లేని నాలుగు గంటలు వాళ్లకిక్కడ దొరుకుతున్నాయి. అంటే గ్రంథాలయం మారగలదు. ఫలానావాళ్లు మనవాళ్లు, వాళ్లకు ఫలానా అవసరం ఉంది అని ఒప్పుకుంటే చాలు, అదే గది, అదే ఉద్యోగులు, అదే కొద్దిపాటి నిధులతో మారుతుంది.

వలస వచ్చినవాళ్లు ఎవరైనా వస్తారా అని అక్కడ పనిచేసే ఆమెను ఒకసారి అడిగాను.

"ఆళ్లెందుకొస్తరు మేడం? ఆళ్లకు తెలుగు రాదు. మన తాన ఆళ్ల బుక్కులు లెవ్వు" అందామె.

"తెప్పించొచ్చు కదా?"

"అడిగినోళ్లుంటే కదా మేడం తెప్పిచ్చేది!"

ఆమె మాటలో కసురు ఏమీ లేదు. జీతం నెలనెలా రాని ఔట్‌సోర్సింగ్ ఉద్యోగంలో ఉండి, ఊడ్చుకోవడం నుంచి రిజిస్టరు రాయడం దాకా ఒక్కతే చేసుకునే మనిషి ఆమె. అయితే ఆ జవాబు ఎటూ తెగని చుట్టు. పుస్తకాలు లేవు కాబట్టి రారు, రారు కాబట్టి అడగరు, అడగరు కాబట్టి తెప్పించరు. ఈ చుట్టు మనకు కొత్తది కాదు. ఆడవాళ్లు సభలకు రారు కాబట్టి పిలవం, పిలవం కాబట్టి రారు అనే తర్కాన్ని సాహిత్య సంస్థల్లో మనం ఎన్నేళ్లుగా వింటున్నాం! ఇక సభ్యత్వం తీసుకోవాలంటే డిపాజిట్, స్థానిక చిరునామా రుజువు, పూచీ ఉండే మనిషి కావాలన్నారు. ఆరు నెలలకొక చోట గుడిసె వేసుకునే మనిషికి స్థానిక చిరునామా ఎక్కడినుంచి వస్తుంది?

ఆ రోజు బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. పన్నెండేళ్లుంటాయేమో. చంకలో తమ్ముడు. తల్లి పక్కన కిరాణాకొట్లో బియ్యం తీసుకుంటోంది. ఆ పిల్ల గోడ మీద రాసిన పెద్ద తెలుగు అక్షరాల్ని వేలితో గాలిలో దిద్దుతోంది. ఒడియా అక్షరాలు కూడా మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి, దూరం నుంచి చూస్తే చుట్టాల్లా కనిపిస్తాయి. కొట్టువాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో "అక్కా, లోపల మా అక్షరాలు ఉన్నయా?" అని అడిగింది. ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివిందట. లేవని చెప్పాను. "మీవే ఉన్నయా?" అంది. తల్లి పిలిస్తే వెళ్లిపోయింది. అడిగినోళ్లు లేరన్న మాటకు నా దగ్గర ఇప్పుడొక జవాబుంది. అడిగారు, గేటు బయట నిలబడి అడిగారు.

ఇక డబ్బు సంగతి. గ్రంథాలయాలు ఎవరి డబ్బుతో నడుస్తున్నాయో మనలో చాలామందికి తెలియదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం రాష్ట్రం వేరుపడ్డాక తెలంగాణకూ వచ్చింది. దాని ప్రకారం స్థానిక సంస్థలు ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జమ చేయకుండా బకాయిలు పెట్టడం పాత కథే. కానీ వసూలైతే అవుతోంది. నేనుండే కాలనీలో ఒకావిడ ఖాళీ జాగాలో వరసగా పది గదులు వేసి అద్దెకిచ్చింది. ఒక్కో గదిలో నలుగురైదుగురు బీహార్, బెంగాల్ కూలీలు. మొన్న కిరాయి పెంచుతూ "ఇంటి పన్ను పెరిగింది, నేనేడికెల్లి కట్టాలె?" అని వాళ్లతో అంటుంటే విన్నాను. అంటే ఆ పన్ను ఎవరి జేబులోంచి వస్తోందో ఆవిడే చెప్పింది. ఈ శివారంతా వరస గదులే. వాటి కిరాయిలో ఇంటి పన్ను ఉంది, ఆ పన్నులో 8 పైసలున్నాయి. తమకొక్క పుస్తకం లేని గ్రంథాలయానికి ఈ కూలీలు నెలనెలా చందా కడుతున్నారు. బట్టీ గుడిసెలో ఉండేవాళ్లకు ఇంటి పన్ను ఉండదు, నిజమే. ఇక్కడ పన్ను పడే ప్రతి ఇంటికీ ఇటుక చేసింది వాళ్లు. అయినా చదువుకునే హక్కు పన్ను రసీదుతో వచ్చేది కాదు. భిక్ష అనుకునేవాళ్ల కోసం మాత్రమే ఈ లెక్క చెప్తున్నాను.

తెలుగువాళ్లకు గ్రంథాలయం ఎందుకు అవసరమైందో ఒకసారి గుర్తుచేసుకుందాం. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్లు దానికి పూనుకున్నారు. ఆనాటి హైదరాబాదు రాజ్యంలో పాలన, కోర్టులు ఉర్దూలో ఉండేవి. ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు తన సొంత నగరంలో కూర్చోవడానికి ఒక గది లేదు. అందుకే దానికి గ్రంథాలయం అని కాకుండా భాషా నిలయం అని పేరు పెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి అల్లరి పెట్టారు. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన కార్వే అధ్యక్షత వహించిన సభ అది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. భాష కారణంగా సభలో నోరు మూసుకోవాల్సి రావడం ఎలా ఉంటుందో తెలిసిన సమాజం మనది. తెలంగాణ తెలుగును సినిమాల్లో రౌడీలకు, పనిమనుషులకు పెట్టి నవ్విన రోజులు ఇంకా మరిచిపోలేదు. ఆ జ్ఞాపకం మనల్ని ఇతర భాషలవాళ్ల పట్ల మెత్తబరచాలి. గట్టిపరిస్తే మనం నేర్చుకున్నది ఏమీ లేదు.

భాషా నిలయం స్థాపకుల్లో ఒకరైన లక్ష్మణరావుకు భాష దూరమైన ఇంట్లో పెరగడం ఎలా ఉంటుందో తెలుసు. ఆయన బాల్యం, చదువు అక్క దగ్గర సాగాయి. ఆ అక్క భండారు అచ్చమాంబ (1874–1905). ఆమె 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చిందని, తెలుగులో తొలి కథ రాసింది స్త్రీయేనని ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. అచ్చమాంబ వలస వెళ్లిన స్త్రీ. ఇంజనీరుగా పనిచేసే భర్త మాధవరావు వెంట ఆనాటి మధ్యపరగణాలకు, నాగపూర్, బిలాస్‌పూర్ ప్రాంతాలకు వెళ్లింది. చుట్టూ హిందీ, మరాఠీ. బడి మొహం చూడని ఆమె తమ్ముడి చదువు పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. తర్వాత మరాఠీ, బెంగాలీ, సంస్కృతం. తెలుగు ఊరికి వందల మైళ్ల దూరంలో ఉండి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1905లో బిలాస్‌పూర్‌లోనే చనిపోయింది.

ఇవాళ మేడ్చల్ చుట్టుపక్కల భవనాలు కట్టే కూలీల్లో బిలాస్‌పూర్ వైపునుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. తెలుగు కథకు తొలి రచయిత్రి ఏ నేల మీద పరాయి భాషల మధ్య బతికిందో, ఆ నేల ఆడవాళ్లు ఇప్పుడు మన భాష మధ్య పరాయివాళ్లుగా బతుకుతున్నారు. ఈ పోలికను నేను మరీ దూరం లాగను. అచ్చమాంబ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఇంజనీరు భార్య. ఆమెకు ఇల్లుంది, తమ్ముడున్నాడు, పుస్తకాలు తెప్పించుకునే స్తోమతుంది. పిల్లల్ని పోగొట్టుకున్న దుఃఖంలో కూడా కూర్చుని చదువుకునే చోటు ఉంది. బట్టీలో ఇటుకలు కోసే స్త్రీకి ఇవేవీ లేవు. సరిగ్గా ఇవి లేనివాళ్ల కోసమే కదా పౌర గ్రంథాలయం అనే ఏర్పాటు! తమ్ముడు ఇవ్వగలిగింది అక్కకు ఇచ్చాడు. తమ్ముళ్లు లేనివాళ్లకు ఆ పని గ్రంథాలయం చేయాలి.

మనవాళ్లు బయటికి వెళ్లినచోట ఏం జరిగిందో కూడా చూడాలి. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి పొట్ట చేతపట్టుకుని బొంబాయి వెళ్లిన కూలీలు, నేతపనివాళ్లు తరాల తరబడి ఉన్నారు. ముంబయి నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు, కన్నడం, తమిళంతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. అది మనకు ఎవరో చేసిన ఉపకారం అని మనం ఎప్పుడూ అనుకోలేదు, మన పిల్లల హక్కు అనే అనుకున్నాం. అమెరికాలో న్యూయార్క్‌లోని క్వీన్స్ పౌర గ్రంథాలయం 1977 నుంచి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ప్రత్యేక కార్యక్రమం నడుపుతూ ఎన్నో భాషల పుస్తకాలు పెడుతోంది. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా, యునెస్కోలు బహుళ సంస్కృతుల గ్రంథాలయాల కోసం ఒక ప్రకటననే తెచ్చాయి. ఎవరి భాషలో వాళ్లకు పూర్తి గ్రంథాలయ సేవలు అందాలన్నది దాని సారం. మన దగ్గర 1931లోనే రంగనాథన్ ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలని సూత్రం చేశాడు. హైదరాబాదు విషయానికొస్తే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, అంటే 1891 నాటి అసఫియాలో, తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడం, ఫారసీ, అరబ్బీ పుస్తకాలు పక్కపక్కనే ఉన్నాయి. బహుభాషా గ్రంథాలయం ఈ నగరానికి కొత్త ఊహ ఏమీ కాదు. అది శివారుకు చేరలేదు, కూలీల భాషలకు చేరలేదు, అంతే.

మిత్రులతో ఈ మాట అన్నప్పుడల్లా మూడు అభ్యంతరాలు వస్తున్నాయి. మూడింటిలోనూ కొంత నిజముంది.

మొదటిది, తెలుగు పుస్తకాలు కొనడానికే డబ్బుల్లేవు, ఒడియా ఎక్కడినుంచి కొంటారని. తెలుగు రచయిత్రుల పుస్తకాలు ఏళ్లతరబడి గ్రంథాలయాలకు చేరని మాట నిజం. ఆ కోపం నాకూ ఉంది. కానీ మనల్ని ఆపింది ఒడియా పుస్తకం కాదు. బకాయిపెట్టిన 8 పైసలు, కొనుగోలులో జరిగే రాజకీయాలు మనల్ని ఆపాయి. ఒక బీరువా నింపడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి దేశమంతటా పౌర గ్రంథాలయాలకు పుస్తకాల సాయం చేస్తోంది. నేషనల్ బుక్ ట్రస్ట్ ఒడియా, బెంగాలీ, హిందీల్లో పిల్లల పుస్తకాలు చవకగా వేస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో 2015 నుంచి వందల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. అదే బొమ్మల కథ ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఒడియాలో అచ్చువేసుకోవచ్చు. అలాంటి పుస్తకం మన పిల్లలకూ పనికొస్తుంది.

రెండోది, హిందీ పుస్తకాలు పెడితే సరిపోతుంది కదా, వాళ్లందరికీ హిందీ వస్తుందని. ఇది చాలా ప్రమాదమైన సులువు. బలంగీర్ స్త్రీ ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. బిలాస్‌పూర్ స్త్రీది ఛత్తీస్‌గఢీ. జార్ఖండ్ నుంచి వచ్చిన సంథాల్ స్త్రీది సంథాలీ, దానికి 1925లో రఘునాథ్ ముర్ము చేసిన సొంత లిపి ఓల్ చికి ఉంది. 2003 రాజ్యాంగ సవరణతో సంథాలీ ఎనిమిదో షెడ్యూల్లోకి కూడా వచ్చింది. వీళ్లందర్నీ 'హిందీవాళ్లు' అని ఒక గాటన కట్టేస్తున్నాం. మనల్నందర్నీ 'మద్రాసీలు' అన్నప్పుడు మనకెలా ఉండేది? హిందీ వద్దని కాదు, బీహార్ కూలీకి అదే కావాలి. దాన్ని అందరి బదులు వాడకూడదంటున్నాను.

మూడోది అన్నిటికన్నా బరువైంది. వాళ్లకు చదువే రాదు, పుస్తకాలు పెట్టి ఏం లాభమని. పుస్తకం చదవగలిగినవాళ్లే గ్రంథాలయానికి అర్హులని మన గ్రంథాలయోద్యమం ఎప్పుడూ అనుకోలేదు. రాత్రి బడులు పెట్టింది, పత్రికలు పైకి చదివి వినిపించింది. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం వంటివాళ్లు కాలవలో పడవ మీద పుస్తకాలు వేసుకుని పాఠకుల దగ్గరకే వెళ్లారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, అక్షరం అందని దళితవాడల్లో హరికథలతో మాట్లాడాడు. చదువురాని మనిషి తలుపు దగ్గరే ఆగిపోవాలంటే ఈ చరిత్ర అంతా దండగ. ఆ బట్టీ అమ్మాయికి నాలుగో తరగతి దాకా వచ్చింది. ఆమె చదివితే తల్లి వింటుంది. తల్లి చెప్పింది ఆమె రాయగలదు. ఇలా ఒక్క పిల్ల ఉన్నా ఆ గుడిసెలోకి పుస్తకం వెళ్లినట్టే.

తెలంగాణలో ఈ దిశగా ఏమీ జరగలేదని చెప్పడం అన్యాయం. ఇటుక బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే వర్క్‌సైట్ స్కూళ్లు నడిచాయి, ఒడిశా నుంచి పాఠ్యపుస్తకాలు, బోధకులు వచ్చారు. పిల్లల్ని పని నుంచి బడికి మళ్లించడంలో ఆ భాషే ముఖ్యమైందని విద్యాశాఖకు, స్వచ్ఛంద సంస్థలకు అర్థమైంది. అయితే అవి సీజన్‌తో మొదలై సీజన్‌తో ముగుస్తాయి, తల్లులకు అందులో చోటుండదు. గ్రంథాలయం ఏడాది పొడుగునా ఉంటుంది. బట్టీ వాళ్లు వెళ్లిపోయినా వరస గదులవాళ్లుంటారు, కోళ్ల ఫారాల్లో కాపలా ఉండే జంటలుంటాయి.

2020 మే నెలను ఈ రోడ్ల మీద చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. రైలు దొరకనివాళ్లు మేడ్చల్ మీదుగా నాగపూర్ దారిలో పిల్లల్ని ఎత్తుకుని నడిచారు. వాళ్లకు అన్నం, నీళ్లు, చెప్పులు ఇచ్చిన మంచి మనుషులు చాలామంది ఉన్నారు. వాటితో పాటు వాళ్లకు అత్యవసరమైంది సమాచారం. రైలు ఎప్పుడు, పేరు ఎక్కడ రాయించుకోవాలి, రాష్ట్రం సరిహద్దులో ఎవరు ఆపుతారు. వాళ్ల భాషలో ఒక్క కాగితం ఎక్కడా లేదు. గుంపులో ఒక మగవాడు ఎక్కడో విని వచ్చి చెప్పిందే వార్త. అది ఆడవాళ్ల దాకా వచ్చేసరికి సగం మిగిలేది. వేతనం ఎంత, గర్భిణికి ఆస్పత్రిలో ఏం ఇస్తారు, రేషన్ కార్డు ఇక్కడ చెల్లుతుందా, భర్త కొడితే ఎవరికి ఫోన్ చేయాలి అన్న సంగతులకు ఇవాళ కూడా అదే గతి. నాలుగు భాషల్లో ఈ నాలుగు కాగితాలు అంటించి ఉన్న గోడ ఒకటి ఊళ్లో ఉంటే, ఆ గోడ గ్రంథాలయానిదైతే, నమ్మకం అక్కణ్నుంచి మొదలవుతుంది.

స్వాగతం అంటే బోర్డు రాయడం మాత్రమే అనుకోకూడదు. స్త్రీల వైపునుంచి చూస్తే అది వేళల సమస్య, మరుగుదొడ్డి సమస్య, పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న సమస్య. సాయంత్రం నాలుగు నుంచి ఏడు అంటే ఆడవాళ్లకు నీళ్లు, వంట, పిల్లల స్నానాలు. ఆ వేళకు తెరిచేది ఎవరి కోసం? నేనుండే కాలనీలో తెలుగు ఆడవాళ్లు కూడా ఆ గ్రంథాలయం గడప తొక్కరు. "అండ్ల మొగోళ్లు కూసుంటరు కదమ్మా" అంటారు. అందువల్ల ఒడియా స్త్రీకి తలుపు తెరవాలంటే ముందు ఆ తలుపు ఏ స్త్రీకైనా తెరుచుకునేట్టు ఉండాలి. ఈ రెండూ ఒకే పని. మన గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు స్త్రీలకు, పిల్లలకు కేటాయించవచ్చు. బట్టీవాళ్లు వారం ఖర్చులకు అంగడికి వస్తారు, ఆ అంగడిలో ఒక చాప, ఒక పెట్టె పుస్తకాలు పెట్టుకుని కూర్చోవచ్చు. పూచీ అడగకుండా అక్కడే చదువుకునే కార్డు ఇవ్వవచ్చు. పుస్తకం పోతే పోనీ, ఒక బొమ్మల పుస్తకం గుడిసెలో నలిగిపోవడం బీరువాలో చెదపట్టడం కన్నా మేలు. ముఖ్యంగా, ఆ భాష వచ్చిన స్త్రీనే ఒకామెను గౌరవవేతనం ఇచ్చి అక్కడ నియమించాలి. తన భాషలో 'రా, కూర్చో' అనే మనిషి లేకుండా ఎన్ని పుస్తకాలు పెట్టినా అవి పరాయి పుస్తకాలే.

చివరగా మన గురించి. గోపీనాథ మహంతి 'అమృత సంతానం' మనం పురిపండా అప్పలస్వామి అనువాదంలో చదువుకున్నాం. ఒడిశా ఆదివాసీ స్త్రీ జీవితం మీద పత్రాలు రాస్తాం, సెమినార్లలో చర్చిస్తాం. శామీర్‌పేట రోడ్డు పక్కన పెద్ద పెద్ద విద్యాలయాల్లో ఎంతో విలువైన గ్రంథాలయాలున్నాయి. వాటి గోడలు కట్టిన చేతులకు వాటి గేట్లు తెరుచుకోవు. మరోవైపు ఈ నగరంలోనే స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. చదువు ఉన్నా లేకపోయినా తెలంగాణ పోరాట స్త్రీల మాటే చరిత్ర అని మనకు నేర్పిన పుస్తకం అది. ఆ పద్ధతి మన చేతిలో ఉంది. బట్టీ స్త్రీల పాటలు, కథలు, ప్రయాణాలు వాళ్ల భాషలోనే రికార్డు చేసి, రాయించి, అదే శాఖా గ్రంథాలయంలో పెట్టే పని మన విశ్వవిద్యాలయాల విద్యార్థినులు చేయగలరు. అప్పుడు ఆ బీరువాలో వాళ్లు చదివే పుస్తకాలతో పాటు వాళ్లు చెప్పిన పుస్తకాలు కూడా ఉంటాయి. అనువాదం ఇంగ్లీషు మీదుగా, హిందీ మీదుగా తిరిగి రావాల్సిన అవసరం కూడా కొంత తగ్గుతుంది.

ఇవేవీ పెద్ద కోరికలు కావు. జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక వినతిపత్రం, ఒక బీరువా, ఒక గోడ, ఆదివారం రెండు గంటలు, ఒక స్త్రీకి చిన్న ఉద్యోగం. మేడ్చల్‌లో ఒకటి, శామీర్‌పేటలో ఒకటి చాలు మొదలుపెట్టడానికి. ప్రతి ఏడాదీ నువాఖాయి అయ్యాక సర్దార్లు ఊళ్లలోకి వెళ్తారు, నవంబరుకల్లా బట్టీల్లో కొత్త గుడిసెలు లేస్తాయి. ఆ గుడిసెల్లోకి పుస్తకం తీసుకెళ్లే దారి అంతకు ముందే వేసి ఉంచాలి. వినతిపత్రం రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. సంతకం పెట్టేవాళ్లు, ఆదివారం రెండు గంటలు వచ్చి కూర్చునేవాళ్లు కావాలి.